పెన్ డ్రైవ్‌లో నేరుగా సేవ్ చేస్తే ఫైలు ఎందుకు పాడవుతుంది?

ప్రాజెక్టు ఫైలును పెన్ డ్రైవ్‌లోనే తెరిచి, అందులోనే టైపు చేసి, సేవ్ నొక్కగానే చటుక్కున లాగేస్తారు చాలామంది. మర్నాడు స్కూల్లో అది తెరుచుకోదు. కష్టపడి రాసిందంతా పోతే ఎంత బాధ!

సేవ్ అంటే పాత ఫైలులో కొత్త అక్షరాలు చేర్చడమే అనుకుంటాం. కాదు. టైపు చేసే వర్డ్ ప్రోగ్రామ్ ముందుగా అదే ఫోల్డరులో ఒక తాత్కాలిక ఫైలు తెరిచి, మీరు రాసినదంతా అందులో నింపుతుంది. తర్వాత పాత ఫైలును తీసేసి, దాని పేరు కొత్తదానికి పెడుతుంది. సరిగ్గా ఆ మార్పిడి మధ్యలో డ్రైవ్ ఊడిందా, పాతదీ దక్కకపోవచ్చు, కొత్తదీ పూర్తికాకపోవచ్చు. డ్రైవ్ దాదాపు నిండి ఉన్నా చిక్కే: కాసేపైనా రెండు ఫైళ్లకూ చోటు కావాలి కదా!

పైగా పెన్ డ్రైవ్‌లలో ఫైళ్లను అమర్చడానికి తరచూ వాడే ఫ్యాట్32 పద్ధతిలో, జరుగుతున్న మార్పులను చిట్టా రాసుకునే ఏర్పాటు లేదు. విండోస్ హార్డ్ డిస్కులో వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంది. మధ్యలో కరెంటు పోయినా ఆ చిట్టా చూసి ఎన్‌టీఎఫ్‌ఎస్ తన ఫైళ్ల పట్టికను సరిచేసుకుంటుంది.

అందుకే ముందు కంప్యూటర్‌లో సేవ్ చేసి, వర్డ్ మూసేసి, ఆ తర్వాతే పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఎజెక్ట్ నొక్కి, తీయవచ్చన్న సందేశం వచ్చేదాకా ఆగండి.