రెండు కార్బ్యురేటర్లు, నాలుగు మీటర్ల పైపు

చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియం కావడంతో తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం నాకు ఇదే మొదటిసారి. తప్పులుంటే ఎడిటర్లని అనండి, నన్ను వదిలేయండి. సబ్జెక్ట్ కూడా కోడింగ్ కాదు, ఒక పాత బైకు.

మా బాబాయిది 2010 మోడల్ కవాసాకి నింజా 250ఆర్. ఉద్యోగానికి డాలస్ వెళ్తూ ఒంగోల్లో మా ఇంట్లో పెట్టి వెళ్ళాడు. మొన్న వేసవి సెలవులకి నేను ఇంటికెళ్ళేసరికి బండి స్టార్ట్ అయ్యేది కానీ, ఐడ్లింగ్ నిలబడేది కాదు. మీటరు ముల్లు 1000కీ 1600కీ మధ్య ఊగేది. సిగ్నల్ దగ్గర ఆగితే అద్దాలు ఎంత వణికేవంటే, వెనకున్నది బస్సో ఆటోనో తెలిసేది కాదు. కార్బ్యురేటర్లు క్లీన్ చేయించాం. స్టార్టింగ్ బాగుపడింది, వణుకు పోలేదు. మెకానిక్ అన్న చెవి పెట్టి విని, "బోరు అయిపోయినట్టుంది, ఇంజిన్ దించాలి" అన్నాడు. ఖర్చు విన్న నాన్న బాబాయికి ఫోన్ చేసి "అమ్మేద్దాంరా" అన్నారు. బాబాయి సరే అన్నాడు. ఆ "సరే" ఎలా పలికిందో స్పీకర్లో నేనూ విన్నాను. నాన్నని రెండు వారాలు టైమ్ అడిగాను.

అసలు సింక్ అంటే ఏంటి

మన రోడ్ల మీద తిరిగే బళ్ళలో చాలావాటికి ఒకటే సిలిండర్, కార్బ్యురేటర్ కూడా ఒకటే. ఈ నింజాకి రెండు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక్కో కార్బ్యురేటర్. ఒంగోలు వాణ్ణి కాబట్టి ఎద్దుల ఉదాహరణే చెప్తాను. ఒకే కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి గట్టిగా లాగి, ఇంకోటి మెల్లగా నడిస్తే బండి సాగుతుంది, కానీ తిన్నగా సాగదు. ఇక్కడా అంతే. యాక్సిలరేటర్ తిప్పితే రెండు కార్బ్యురేటర్లలోని రేకు మూతలు (వాటిని బటర్‌ఫ్లై అంటారు) ఒకేలా తెరుచుకోవాలి. ఒకటి వెంట్రుకవాసి ఎక్కువ తెరుచుకున్నా ఐడ్లింగ్‌లో తేడా తెలుస్తుంది. ఎందుకంటే అప్పుడు ఆ సందు చాలా చిన్నది. చిన్న సందులో చిన్న తేడా కూడా పెద్ద వాటాయే.

ఆ సందుని కంటితో కొలవలేం. అందుకే వాక్యూమ్‌ని చూస్తాం. పిస్టన్ కిందికి దిగుతూ గాలిని పీలుస్తుంది, రేకు మూత అడ్డం పడుతుంది. మూత ఎంత మూసుకుని ఉంటే దాని వెనక వాక్యూమ్ అంత ఎక్కువ. కొబ్బరిబోండంలో స్ట్రా వేసి, నోటి దగ్గర వేలితో కొంచెం నొక్కి పీల్చి చూడండి, అర్థమవుతుంది. కార్బ్యురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య గొట్టాల మీద వాక్యూమ్ చూడటానికి చిన్న ముక్కులు ఉంటాయి. మామూలుగా వాటికి రబ్బరు మూతో, సన్న గొట్టమో బిగించి ఉంటుంది.

ఏ టూల్ కొనాలి

డయల్ గేజ్‌లు: గడియారం లాంటివి, సిలిండర్‌కి ఒకటి. ఆన్‌లైన్లో తేలిగ్గా దొరుకుతాయి.

పాదరసం గొట్టాలు: పాత కాలం పద్ధతి. కచ్చితంగానే చూపిస్తాయి, కానీ పాదరసం విషం. ఇంట్లో పగిలితే పెద్ద సమస్య. ఎవరైనా ఫ్రీగా ఇచ్చినా వద్దు.

స్టీలు కడ్డీల టూల్: పాదరసం బదులు గొట్టాల్లో సన్నని స్టీలు కడ్డీలు లేస్తాయి. నాలుగు సిలిండర్ల బండి ఉంటే ఇది మంచిది.

డిజిటల్: సెన్సర్లు, స్క్రీన్ ఉంటాయి. బాగుంటుంది, ధర కూడా బాగానే ఉంటుంది.

యు ట్యూబ్: ఒక పారదర్శకమైన పైపుని యు ఆకారంలో చెక్కకి కట్టి, సగం వరకు ఆయిల్ పోస్తాం. రెండు కొసలూ రెండు ముక్కులకి తగిలిస్తాం. ఎటువైపు వాక్యూమ్ ఎక్కువుంటే ఆయిల్ అటు పైకి లేస్తుంది.

యు ట్యూబ్ చూడ్డానికి స్కూల్ ప్రాజెక్ట్‌లా ఉందని నేను డయల్ గేజ్‌లు కొన్నాను. రెండు ముళ్ళూ సమానం అయ్యేదాకా స్క్రూ తిప్పాను. బండి ఇంకా ఎక్కువ వణికింది! రెండు రోజులు తల పట్టుకున్నాక ఒక పని చేశాను. రెండు గేజ్‌ల పైపులూ అటుదిటు మార్చాను. రెండూ సమానంగా ఉంటే మార్చినా సమానంగానే చూపించాలి కదా. చూపించలేదు. తేడా గేజ్‌తో పాటే వెళ్ళింది. అంటే ఒక గేజ్ తప్పు. మన భాషలో చెప్పాలంటే ప్రోగ్రామ్ కరెక్టే, టెస్ట్ కేసులోనే బగ్.

అప్పుడు అర్థమైంది. ఈ పనికి మనకు వాక్యూమ్ ఎంత అనే విలువ అక్కర్లేదు, రెండింటి మధ్య తేడా చాలు. డయల్ గేజ్‌లు రెండు విలువలు విడిగా చెప్తాయి, వాటి తప్పులు కూడా విడివిడిగా ఉంటాయి. యు ట్యూబ్‌లో ఉన్నది ఒకే పైపు, ఒకే ఆయిల్. అది విలువ చెప్పదు, తేడా మాత్రమే చెప్తుంది. అందుకే దాంట్లో అలాంటి తప్పు దూరడానికి చోటే లేదు. డయల్ గేజ్‌లు కొన్నవాళ్ళు ముందు రెండింటినీ ఒకే ముక్కుకి ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, తేడా ఎంతో రాసుకోండి. ఆ తేడా తీసేసి చూస్తే అవీ పనికొస్తాయి.

ఇంకో లాభం కూడా ఉంది. చాలా మాన్యువల్స్ రెండు సిలిండర్ల మధ్య 2 సెంటీమీటర్ల పాదరసం లోపు తేడాని ఒప్పుకుంటాయి. డయల్ మీద అది ఒకట్రెండు గీతలు. పాదరసం కన్నా ఆయిల్ సుమారు 15 రెట్లు తేలిక కాబట్టి అదే తేడా యు ట్యూబ్‌లో 30 సెంటీమీటర్లు కనపడుతుంది. గుడ్డివాడికి కూడా తెలిసేంత అనను కానీ, కళ్ళజోడు మర్చిపోయిన మా నాన్నకి తెలిసింది.

పొగ ఎపిసోడ్

అక్వేరియం షాపులో నాలుగు మీటర్ల పైపు, ఆరడుగుల చెక్క, కొంచెం 2టీ ఆయిల్. 2టీ ఎందుకంటే పొరపాటున ఇంజిన్‌లోకి వెళ్ళినా కాలిపోతుంది. ఆ పొరపాటు నేను మొదటి రోజే చేశాను. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఒక కొస తగిలించి, రెండోది తగిలించేలోపే ఆయిలంతా సుయ్యిమని లోపలికి పోయింది. వీధంతా తెల్లటి పొగ. ఎదురింటి పెద్దమ్మ ఆరేసిన బట్టలు తీసుకుంటూ నన్ను ఏమందో ఇక్కడ రాయలేను.

లెక్క వేసుకుని ఉంటే ముందే తెలిసేది. ఐడ్లింగ్‌లో వాక్యూమ్ 20 సెంటీమీటర్ల పాదరసం అనుకున్నా, ఆయిల్ లెక్కలో మూడు మీటర్లు. ఒక కొస గాలికి వదిలేస్తే ఆయిల్ అంత ఎత్తు లేవాలని చూస్తుంది. నా చెక్క అంత ఎత్తు లేదు. రెండు కొసలూ తగిలిస్తే రెండు వాక్యూములూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని తేడా మాత్రమే మిగులుతుంది. కాబట్టి రూల్ నంబర్ వన్: ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే రెండు కొసలూ తగిలించాలి, ఆపాకే తీయాలి.

చేసే పద్ధతి

1. ముందు మిగతావి సరిగ్గా ఉండాలి: ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, వాల్వ్ క్లియరెన్స్, పగుళ్ళు లేని ఇన్‌టేక్ రబ్బర్లు. కంప్రెషన్ కూడా చూపించండి. మా బండికి రెండు సిలిండర్లలోనూ దాదాపు సమానంగా వచ్చింది. బోరు పోలేదని నాకు ధైర్యం వచ్చింది అక్కడే.

2. బండి ఆరుబయట పెట్టండి. మూసిన షెడ్డులో ఎగ్జాస్ట్ గాలి ప్రాణం తీస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక చేయాలి. నిలబెట్టిన బండికి ఎదురుగాలి ఉండదు కాబట్టి ముందు ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టండి.

3. ట్యాంకు తీస్తే పెట్రోలుకి చిన్న సీసా వేలాడదీయాలి. లీకు లేకుండా, వేడి ఇంజిన్‌కి దూరంగా. పక్కన ఇసుక బకెట్ తప్పనిసరి.

4. పైపు రెండు వైపులా అక్వేరియం వాల్వ్ పెట్టి బాగా బిగించండి. పిస్టన్ పీల్చిన ప్రతిసారీ ఆయిల్ ఎగిరిపడుతుంది, వాల్వ్ దాన్ని నెమ్మది చేస్తుంది. రెండూ పూర్తిగా మూయకూడదు.

5. రెండు కార్బ్యురేటర్ల మధ్య సింక్ స్క్రూ ఉంటుంది. పావు చుట్టు కన్నా తక్కువ తిప్పి, ఒకసారి యాక్సిలరేటర్ ఇచ్చి వదిలి, ఆయిల్ కుదురుకున్నాక చూడండి. ఆయిల్ ఎక్కువ లేచిన వైపు మూత ఎక్కువ మూసుకుని ఉందని గుర్తు.

6. ఐడ్లింగ్ మారితే దాని స్క్రూతో మళ్ళీ 1300కి తెచ్చి, ఇంకోసారి చూడండి. 3000 దగ్గర కూడా ఒకసారి చూస్తే మంచిది.

7. రబ్బరు మూతలు మర్చిపోకుండా బిగించండి. మర్చిపోతే అక్కడి నుంచి గాలి లాగి మళ్ళీ కథ మొదటికి వస్తుంది.

మాకు మొదట 90 సెంటీమీటర్ల తేడా కనపడింది. పావుగంటలో 5 సెంటీమీటర్లకి వచ్చింది. ముల్లు 1300 దగ్గర నిలబడింది. అద్దంలో ఎదురింటి పెద్దమ్మ స్పష్టంగా కనపడింది, ఇంకా కోపంగానే.

మెకానిక్ అన్నని తప్పుపట్టడానికి ఇదంతా రాయలేదు. ఆయన దగ్గరకి రోజూ వచ్చేవి ఒకే సిలిండర్ బళ్ళు, ఆయనకి ఈ టూల్‌తో ఎప్పుడూ పని పడలేదు. పిలిచి చూపిస్తే ఐదు నిమిషాలు కూర్చుని ఆయిల్‌నే చూశాడు. తర్వాత "ఆ పైపు ఎక్కడ కొన్నావు తమ్ముడూ?" అని అడిగాడు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక కొత్త బళ్ళలో కార్బ్యురేటర్లు దాదాపు పోయాయి. కానీ రెండు త్రాటిల్ బాడీలున్న ఇంజెక్షన్ బళ్ళకి కూడా ఇదే ఐడియా పనికొస్తుంది, మాన్యువల్ చూసి చేయాలి అంతే.

ఆ రాత్రి బాబాయికి వీడియో కాల్ చేసి ఫోన్ సైలెన్సర్ దగ్గర పెట్టాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇంకోసారి రేజ్ చెయ్యరా" అన్నాడు. అమ్మకం సంగతి సంక్రాంతికి చూద్దాం అని నాన్న అన్నారు. ఏ సంక్రాంతికో చెప్పలేదు.

యు ట్యూబ్ చెక్క ఇప్పుడు నా హాస్టల్ రూమ్‌లో తలుపు వెనక ఉంది. రెండు కార్బ్యురేటర్ల బండి ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకెళ్ళండి. పైపు ఫ్రీ, 2టీ ఆయిల్ మాత్రం మీరే తెచ్చుకోవాలి.