చీమ బలము - వీరుని గణితము



చీమ తన బరువునకు ఎన్నో రెట్లు మోయగలదని మీరు చదివియున్నారు. "అయ్యా, చీమ మనుష్యునంత పెరిగినయెడల మోటారుకారు నెత్తగలదా?" అని యొక విద్యార్థి నన్నడిగెను. తోడివారు నవ్విరి. నేను నవ్వలేదు. ఏలయన, ఈ యూహనే నమ్మి 1938వ సంవత్సరమున అమెరికాలో నొక బొమ్మల కథల పత్రిక లోకప్రసిద్ధుడైన యొక వీరునికి జన్మమిచ్చెను. ఆ పత్రిక 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక. వెల 10 సెంట్లు. వీరుని పేరు సూపర్‌మాన్.

దాని ముఖపత్రము చూడదగినది. నీలి దుస్తులు, ఎఱ్ఱని పైవస్త్రము ధరించిన పురుషుడొకడు ఆకుపచ్చని మోటారుకారును పైకెత్తి బండకు కొట్టుచుండును. ఎడమప్రక్క నింకొకడు రెండు చేతులతో తల పట్టుకొని పరుగెత్తుచుండును. కారు మరమ్మతునకు సొమ్మెవరిచ్చిరో కథలో నెచ్చటను లేదు!

దూరపు గ్రహమొకటి నశింపగా, శిశువుగా భూమికి పంపబడిన యీ వీరుడు అనాథాశ్రమమున పెరిగెనట. ఎదిగిన పిమ్మట ఒక్క గంతున మైలులో ఎనిమిదవ వంతు, అనగా 220 గజములు దాటునట. మన విద్యార్థులు రొప్పుచు పరుగెత్తు పందెపు దూరము ఆయనకొక గంతు మాత్రమే! అయితే ఆకాశమున నెగురు విద్య మాత్రము ఆ సంచికనాటికి ఆయన కింకను అబ్బలేదు.

ఇట్టి బలము సంభవమా యని చదువరులు శంకింతురని తలచి, ఆ పత్రికవారు చీమను, మిడుతను సాక్ష్యమునకు పిలిచిరి. ఇచ్చటనే వారి గణితము తప్పినది. ఒక ఘనము యొక్క భుజమును రెట్టింపు చేసిచూడుడు. దాని వైశాల్యము 4 రెట్లగును. ఘనపరిమాణము 8 రెట్లగును. కండరముల బలము వాని అడ్డుకోత వైశాల్యమును బట్టియు, దేహపు బరువు ఘనపరిమాణమును బట్టియు పెరుగును. కావున బరువు ముందు పరుగెత్తును, బలము వెనుకబడును.

6 మిల్లీమీటర్ల చీమను 300 రెట్లు పెంచి 1.8 మీటర్ల పొడవు చేయుదమనుకొనుడు. దాని బలము 90,000 రెట్లగును. బరువు 2,70,00,000 రెట్లగును. చిన్ననాడు తన బరువునకు 50 రెట్లు మోసినదియైనను, ఇప్పుడు తన బరువులో 6వ వంతు మాత్రమే మోయగలదు. కారు నెత్తుట యటుంచి, తన కాళ్లపై తాను నిలువలేక కూలిపోవును! పెద్ద జంతువుల యెముకలు మిక్కిలి లావుగా నుండవలసిన హేతువును గెలీలియో 1638లో ముద్రితమైన తన గ్రంథమున వివరించియుండెను. ఈ పత్రిక పుట్టుటకు సరిగా 300 సంవత్సరములు పూర్వమన్నమాట.

ఈ కథను సృజించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను మిత్రులు క్లీవ్‌లాండు నగరమున నొకే ఉన్నత పాఠశాలలో చదివినవారు. తమ పాఠశాల పత్రికకు పనిచేసినవారు. 23 ఏండ్ల ప్రాయమున వారు రెండవ గణితపు తప్పు చేసిరి. 13 పుటల ఆ కథతోగూడ వీరునిపై సర్వహక్కులను 130 డాలర్లకు వ్రాసియిచ్చిరి. 1975లో గాని వారికి వార్షిక భృతి లభింపలేదు. 2024లో ఆ సంచిక ప్రతి యొక్కటియే 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను! సంతకము చేయుటకు ముందు పత్రమును చదువుడు. చదివినదానిని మరల చదువుడు.

ఇన్ని తప్పులుండగా ఆ సంచికను నేనేల మెచ్చుకొందును? కథారంభమును చూడుడు. చేయని హత్యకు ఒక స్త్రీ ఆ రాత్రియే మరణశిక్ష పొందనున్నది. సూపర్‌మాన్ అసలు నేరస్థురాలిని కట్టి తెచ్చి, గవర్నరుగారి తోటలో విడిచి, తలుపు తట్టును. సేవకుడు రేపు రమ్మనును. ఆ స్త్రీకి రేపు లేదు! కావున ఆయన తలుపు పగులగొట్టి, సేవకునిగూడ ఎత్తుకొని మేడయెక్కి, శయనాగారపు ఉక్కు తలుపును ఊడబెరికి, నేరాంగీకార పత్రమును గవర్నరుచేత బెట్టును. గవర్నరు టెలిఫోనుచేసి ఆ శిక్ష నాపును. సమ్సోను గాజా పట్టణపు తలుపులను పెకలించినది తాను తప్పించుకొనుటకు. ఇతడు పెకలించినది ఎన్నడు నెఱుగని యొక నిరపరాధిని తప్పించుటకు.

మరునాటి వార్తాపత్రికలో తన పేరు లేకుండుట చూచి ఆయన సంతోషించెను. మనమో, ఒక బల్ల మోసినను ఉపాధ్యాయులు చూచిరా యని వెనుకకు తిరిగి చూతుము!

విద్యార్థులారా, కారు నెత్తు బలము మీకు రాదు. గణితము దాని నొప్పుకొనదు. కాని తరగతిలో తోటివానిపై అన్యాయముగా నింద పడినప్పుడు లేచి నిజము చెప్పుటకు, పిమ్మట నా సంగతి నెవరితోను చెప్పుకొనకుండుటకు, కండరములతో పనిలేదు. ఆ బలము పరిమాణమును బట్టి తగ్గునది కాదు. మన పాఠశాలలో నెల్లరకంటె చిన్నవానికిని అది లభించును.