చుక్కాని ఉంటే చాలా?

ఆదివారం వచ్చిందంటే చీమకుర్తి నుంచి ఒంగోలు మీదుగా కొత్తపట్నం బీచ్‌కి బయల్దేరే కుటుంబాలు చాలానే. ఇంచుమించు 40 కిలోమీటర్లు. పిల్లలు అలలతో ఆడుకుంటుంటే, పెద్దల చూపు ఇసుకలోకి లాగిపెట్టిన ఫైబర్ పడవల మీద పడుతుంది. వాటి వెనక భాగాన్ని ఓసారి పరీక్షగా చూడండి. పుస్తకాల్లో బొమ్మ వేసినట్టు పడవకి బిగించిన చుక్కాని కనిపించదు. దారితప్పిన సంసారాన్ని ‘చుక్కాని లేని నావ’ అంటుంటాం కదా... మరి ఈ నావలు అది లేకుండానే వేటకెళ్లి వస్తున్నాయే!

సరిగ్గా ఇదే విషయం మీద సముద్రంలో కయాక్ నడిపేవాళ్లు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. కయాక్ అంటే తెలిసిందే, ఒకరో ఇద్దరో కూర్చుని రెండువైపులా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి పడవ. విశాఖ రుషికొండలో చాలామంది సరదాగా ఎక్కే ఉంటారు. గంటసేపు సరదాకి చుక్కాని ఉన్నా లేకపోయినా ఒకటే. చీమకుర్తి పక్కనున్న రామతీర్థం రిజర్వాయర్ లాంటి నిలకడ నీళ్లలోనూ అంతే. దూరం పోవాలనుకున్నప్పుడే అసలు కథ.

చుక్కాని కారు స్టీరింగ్ లాంటిదని చాలామంది అనుకుంటారు. కయాక్ విషయంలో అది పొరపాటు. దాని అసలు పని తిప్పడం కాదు, తిరిగిపోకుండా చూడటం! ముందుకు సాగే కయాక్ ముక్కుని నీళ్లు రెండువైపులా ఒత్తి పట్టుకుంటాయి. వెనకవైపు ఆ పట్టు తక్కువ. పక్కనుంచి గాలి కొడితే వెనక కొస జారిపోతుంది, ముక్కు గాలి వచ్చే దిక్కుకి తిరుగుతుంది. ఇప్పుడు మన తీరాన్ని ఊహించుకోండి. మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి లేచింది. మీరు ఒడ్డు వెంబడి వెళుతున్నారు. అంటే పడవ పదేపదే నడిసముద్రం వైపు ముఖం పెడుతుందన్నమాట! దాన్ని దారిలో పెట్టాలంటే ఒకవైపే ఎక్కువగా తెడ్డు వేయాలి. అలవాటు లేనివాళ్లకి కాసేపటికే భుజం పట్టేస్తుంది. కాలి కింది పెడల్ నొక్కితే కదిలే చుక్కాని ఉంటే ఆ బాధ ఉండదు, రెండు చేతులూ సమానంగా పనిచేస్తాయి. ఇద్దరు కూర్చునే పొడవాటి కయాక్‌కైతే అది ఉండటమే మంచిది.

మరి వద్దనేవాళ్ల మాటో? వాళ్లదీ కొట్టిపారేసే వాదన కాదు. చుక్కానిని వంచినప్పుడల్లా నీళ్లు అడ్డుపడి వేగం తగ్గుతుంది. పెడల్ కదిలేదైతే తెడ్డు లాగేటప్పుడు కాలికి గట్టి ఊతం దొరకదు. అల వెనకభాగాన్ని పైకెత్తితే చుక్కాని గాల్లో ఉంటుంది... అక్కర ఉన్న ఆ క్షణంలోనే పనికిరాదు! తీగ తెగితే ఇక చెప్పక్కర్లేదు. చుక్కానిని నమ్ముకుని, నడుమూ తెడ్డూ వాడి పడవని తిప్పడం నేర్చుకోనివాళ్లు అప్పుడేం చేస్తారు? అందుకే కొందరు పడవ అడుగు నుంచి దిగే కదలని రెక్కని ఎంచుకుంటారు. దాన్నే స్కెగ్ అంటారు. అది పడవని తిప్పదు, నిలకడగా మాత్రం ఉంచుతుంది. దాని గాడిలో ఇసుకో గులకరాయో ఇరుక్కుంటే మాత్రం కిందికి దిగనని మొరాయిస్తుంది. మన ఒడ్డున ఇసుకకేం కొదవ!

అన్నిటికన్నా పెద్ద గండం ఒడ్డు దగ్గర విరిగే కెరటాలు. రేవు లేని ఇసుక తీరంలో వెనక వేలాడే ఏ వస్తువైనా నేలకి తగిలి విరుగుతుంది, పక్కన నీళ్లలో మనిషి ఉంటే గాయపరుస్తుంది. మన పాతకాలపు పడవలు ఈ సంగతి ఎరిగినవే. దుంగలు కట్టిన తెప్పకి తెడ్డే చుక్కాని. కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవనీ వెనక నిలబడ్డ మనిషి పొడవాటి తెడ్డుతోనే మళ్లించేవాడు. మద్రాసుకి హార్బరు లేని రోజుల్లో ఓడల్లోని సరుకులూ మనుషులూ ఒడ్డుకి చేరింది వాటిల్లోనే. ఇంజిన్లు వచ్చాక చిక్కు మళ్లీ మొదలైంది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ బంగాళాఖాతం కార్యక్రమం కింద, ఒడ్డుకి చేరేటప్పుడు పంకాని పైకెత్తే పడవల్ని రూపొందించారు. ఇప్పటి ఫైబర్ పడవల్లో ఇంజిన్‌ని తిప్పితే పడవ తిరుగుతుంది, ఒడ్డు రాగానే దాన్ని ఎత్తేస్తారు.

కయాక్ చుక్కానికీ ఆ ఏర్పాటే ఉంది. తాడు లాగితే పైకి లేచి పడవ మీద పడుకుంటుంది. కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఆ తాడు సులువుగా కదులుతోందా లేదా అన్నదే. నేర్చుకునేవాళ్లకి మొదటి కొన్నాళ్లు చుక్కాని ఎత్తి ఉంచే శిక్షణ ఇస్తే మేలు. లైఫ్ జాకెట్ ఎలాగూ తప్పదు. ఒడ్డుకి వచ్చేటప్పుడు కెరటాలు విరిగే చోటికి చేరకముందే చుక్కాని ఎత్తేయాలి. అక్కణ్నుంచి ఇసుక దాకా తెడ్డుదే భారం.