తెరమీది బామ్మలు

వీడియోలో పిల్లలకు కథలు చదివి వినిపించే ‘గ్రానీ క్లౌడ్’ పథకం 2009లో మొదలైంది. అప్పట్లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడైన సుగతా మిత్రా హైదరాబాద్ బడుల్లో ప్రయోగాలు చేస్తూ, స్కైప్‌తో ఏం చేయాలనుందని పిల్లల్ని అడిగారు. బ్రిటన్ బామ్మలతో కథలు చదివించుకోవాలన్నారు వాళ్లు. ఆ సంగతి గార్డియన్ పత్రికలో రాగానే ఎందరో ముందుకొచ్చారు. చాలామంది రిటైరైన టీచర్లు. తాతయ్యలూ ఉన్నారు, పేరు మాత్రం బామ్మలకే దక్కింది.

ఇక్కడ పిల్లలు తెర ముందు గుమిగూడతారు. అక్కడ బామ్మ తన ఇంట్లోనే కూర్చుని బొమ్మల పుస్తకాన్ని కెమెరాకు చూపిస్తూ చదువుతుంది. మధ్యలో లైను తెగడం మామూలే. పాఠం చెప్పే పని ఆమెకు లేదు. పిల్లలేదైనా చేసి చూపిస్తే ‘అబ్బో, ఎలా చేశావ్?’ అని మురిసిపోవాలి, అంతే. మిత్రా పద్ధతిలో పెద్ద పాత్ర ఈ మెచ్చుకోలుదే.

నిజానికి ఈ పథకం పుట్టింది పిల్లల చదువు కోసం. అయినా వృద్ధుల కోసమని పెట్టే కాలక్షేపాల్లో సాధారణంగా కనిపించనిది ఇందులో ఉంది: పెద్దవాళ్ల కోసం ఎవరో ఎదురుచూడటం. 2014లో బ్రెజిల్‌లోని సీఎన్ఏ భాషా పాఠశాలలూ ఇదే దారి పట్టాయి. ఇంగ్లిష్ నేర్చుకునే కుర్రకారును చికాగో దగ్గరున్న ఒక వృద్ధుల నివాసంతో వీడియోలో కలిపాయి. ఆ కబుర్లు రికార్డయి, మూల్యాంకనం కోసం టీచర్లకు చేరేవి.