తలకిందులైన విమానం, తలకిందులైన రాణి

1918 మే 14. వాషింగ్టన్‌లో విలియం రోబీ అనే ఉద్యోగి పోస్టాఫీసుకు వెళ్లి, కొత్తగా వచ్చిన విమాన తపాలా బిళ్లలు ఒక షీటు ఇమ్మన్నాడు. బిళ్ల 24 సెంట్లు, వంద బిళ్లల షీటు 24 డాలర్లు. గుమాస్తా తీసిచ్చిన షీటులో ప్రతి బిళ్ల మీదా విమానం చక్రాలు పైకెత్తి వెల్లకిలా పడి ఉంది. రోబీ పైకి ఏమీ తేలనివ్వకుండా డబ్బు కట్టేశాడు. సంగతి తెలిసి తపాలా ఇన్‌స్పెక్టర్లు వెంటపడి వాపసు అడిగినా ఇవ్వలేదు. వారం రోజుల్లోనే 15 వేల డాలర్లకు షీటు మొత్తం అమ్మేశాడు. ఆ వందలో ఒక్క బిళ్లే 2023 నవంబరు వేలంలో 20 లక్షల డాలర్లు దాటింది.

లోకమంతా ‘ఇన్వర్టెడ్ జెన్నీ’ అని పిలిచే ఆ బిళ్ల వెనకున్న తప్పు చాలా చిన్నది. దానికి రెండు రంగులు. చుట్టూ ఎర్ర అంచు, మధ్యలో నీలం విమానం. ఒక్కో రంగుకు ఒక్కోసారి కాగితం ప్రెస్సులోకి పోవాలి. రెండోసారి పెట్టేటప్పుడు షీటు అటుది ఇటు తిరిగితే చాలు, అంచు సరిగ్గానే ఉంటుంది, బొమ్మ మాత్రం తలకిందులవుతుంది.

అచ్చం ఇదే తప్పు, ఇవే రెండు రంగుల్లో, అంతకు 64 ఏళ్ల ముందే కలకత్తాలో జరిగింది. 1854లో దేశమంతటికీ చెల్లే తపాలా బిళ్లలు మొదటిసారి వచ్చాయి. అక్కడి సర్వేయర్ జనరల్ కార్యాలయంలో రాతి అచ్చు మీద వాటిని ముద్రించారు. నాలుగణాల బిళ్లకు ఎర్ర అంచు, లోపల నీలిరంగులో విక్టోరియా రాణి తల. కొన్నింటిలో రాణి తలకిందులైంది. అవి జనం చేతుల్లోకి వెళ్లాయి, ఉత్తరాలకు అంటుకున్నాయి, ఎవరూ గమనించలేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 1874లో, లండన్ ఫిలాటెలిక్ సొసైటీ సమావేశంలో గానీ విషయం బయటపడలేదు. ఆ బిళ్లలు వచ్చిన 1854లో బిళ్లల మధ్య చిల్లులు వేసే పద్ధతి ఇక్కడ లేదు, కత్తెరతో కోసుకోవాల్సిందే. బొమ్మ అంచు ఎనిమిది పలకలు కాబట్టి చాలామంది ఆ అంచు వెంటే కత్తిరించేశారు. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద దొరికినవి ముప్పైకి అటూ ఇటూ. నాలుగు పక్కలా ఖాళీ కాగితం మిగిలిన బిళ్ల కనబడితే సేకర్తలకు పండగే.

అచ్చుతప్పు ఉన్నంత మాత్రాన డబ్బు రాలదు. 1962లో అమెరికా తపాలా శాఖ ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షోల్డ్ జ్ఞాపకార్థం నాలుగు సెంట్ల బిళ్ల తెచ్చింది. అందులో పసుపు రంగు తలకిందులైన షీట్లు కొన్ని బయటికొచ్చాయి. న్యూజెర్సీలో ఒక నగల వ్యాపారికి అలాంటి షీటు దొరికింది. ఆయన ఆనందం ఎన్నాళ్లో నిలవలేదు. ఒకరికి లాటరీ తగలడం కుదరదంటూ పోస్ట్‌మాస్టర్ జనరల్ జె. ఎడ్వర్డ్ డే అదే తప్పుతో కావాలని నాలుగు కోట్ల బిళ్లలు కొట్టించాడు. తప్పు అదే. ఎక్కడ పడితే అక్కడ దొరికేసరికి ధర పడిపోయింది.

తప్పుల పక్కనే ప్రూఫుల సేకరణ ఇంకో లోకం. అసలు ముద్రణకు ముందు చెక్కడం ఎలా వచ్చిందో, ఏ రంగు బాగుంటుందో చూసుకోవడానికి తీసే నమూనా ప్రతులే ప్రూఫులు. పోస్టాఫీసులో అమ్మేవి కావు కాబట్టి కొద్దిగానే ఉంటాయి. కొట్టించి కూడా అమ్మకానికి పెట్టని బిళ్లలదీ ఇంచుమించు ఇదే కథ. 1854లో అర్ధణా బిళ్లను ముందు ఎర్రగా ముద్రించారు. ఇంగ్లండు నుంచి తెప్పించిన ఎర్రరంగు చాలక నీలానికి మారారు. అలా అమ్మకానికి పోని ఎర్ర అర్ధణా ఇవాళ ఆల్బముల్లో మారాజులా కూర్చుంది.

మరి నరసరావుపేటలోనో, మాచర్లలోనో పాత పెట్టె తెరిచేవారు ఏం వెతకాలి? తలకిందుల రాణి దొరుకుతుందని ఆశపడనక్కర్లేదు. పల్నాటిలో వెతకదగ్గది ఇంకొకటుంది. కృష్ణ ఒడ్డున దాచేపల్లి దగ్గరి పొందుగల అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ, ఏరు దాటితే వాడపల్లి నిజాం రాజ్యం. ఇవతల బ్రిటిష్ ఇండియా బిళ్ల, అవతల నిజాం బిళ్ల. ఆయన బిళ్లల మీద ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు తెలుగు, మరాఠీ అక్షరాలు కూడా ఉండేవి. 1931 నాటి వరసలో అణా బిళ్ల మీద చార్మినారును చూడొచ్చు. ఆ బిళ్ల చెల్లుబాటు రాజ్యం పొలిమేర దాకే. 1950 ఏప్రిల్ 1 నుంచి అక్కడా భారత తపాలా బిళ్లలే వచ్చాయి. ఊరి పేరు, తేదీ చదవగలిగేలా ముద్రపడిన ఆనాటి కవరు, ఏటికి ఏ పక్కదైనా, ఈ ప్రాంత చరిత్రకు సాక్ష్యం.

చిక్కల్లా ఉత్తరాలు దాచిన తీరులోనే ఉంది. చదివిన కార్డును చదివినట్టే ఇనప తీగకు గుచ్చి దూలానికి తగిలించడం పాతకాలం ఇళ్లలో అలవాటు. బిళ్లకు చిల్లిపడితే ధర సగానికి సగం పోతుంది, తుప్పు మరక అంటితే మిగిలింది కూడా పోతుంది. అంతకంటే పెద్ద నష్టం, కవరు మీది బిళ్లను నీళ్లలో నానబెట్టి ఊడదీయడం. బిళ్లా, ముద్రా, చిరునామా ఒకేచోట ఉన్నప్పుడే అది ఎక్కణ్నుంచి ఎక్కడికి, ఏనాడు పోయిందో చెప్పగలం. తీగ నుంచి కార్డులు తీసేటప్పుడు లాగకుండా కొస దాకా జరుపుకుంటూ రావాలి. బిళ్లను వేళ్లతో కాకుండా పట్టకారుతో పట్టుకోవాలి. ఎవరైనా అచ్చుతప్పని చెప్పి పెద్ద ధర అడిగితే, నిపుణుల సంఘం ధ్రువపత్రం చూశాకే బేరానికి దిగాలి. రసాయనాలతో రంగు మార్చినవీ, చిల్లుల అంచు కత్తిరించి ‘చిల్లులు లేని బిళ్ల’ అని అంటగట్టేవీ ఈ వ్యాపారంలో కొదవ లేదు.