బత్తలపల్లి వానకు తగిన జర్కిన్

బత్తలపల్లి, ధర్మవరం ప్రాంతంలో ఏడాది మొత్తానికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. పడమటి కనుమల చాటున ఉండడంతో నైరుతి మేఘాలు ఇక్కడికి వచ్చేసరికే పలచబడతాయి. కురిసే కాస్తలో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలలదే. పగలంతా ఉక్కపోసి, సాయంత్రానికి ఈదురుగాలితో వాన విరుచుకుపడుతుంది. అనంతపురం–కదిరి రోడ్డు మీద బండిపై వెళ్లేవారికి అప్పటికప్పుడు తలదాచుకునే చోటు దొరకడం కష్టం. అందుకే ఇక్కడి జర్కిన్ ఏడాదిలో ఎక్కువ రోజులు బండి డిక్కీలో మడతపడి ఉండాలి, అవసరానికి చటుక్కున అందాలి, వేసుకున్నాక ఒళ్లు ఉడికించకూడదు.

ఒకప్పుడు ఈ సీమలో వానకు ఆసరా కంబళి. కురుబలు గొర్రెల ఉన్నితో నేసిన ఆ కంబళి తడిసినా వెచ్చదనం పోదు. నీళ్లు పీల్చుకుంటే మాత్రం మోయలేనంత బరువవుతుంది. 1823లో స్కాట్లాండుకు చెందిన చార్లెస్ మాకింటోష్ రెండు బట్టల మధ్య రబ్బరు పొర అతికించి నీటిని ఆపాడు. దానితో చెమట కూడా లోపలే ఆగిపోయింది. 1969లో అమెరికాలో బాబ్ గోర్ కనిపెట్టిన పదార్థంతో గోర్‌టెక్స్ బట్ట వచ్చింది. దాని సూక్ష్మరంధ్రాల్లో నీటిబొట్టు దూరదు, చెమట ఆవిరి బయటికి పోతుంది. అయితే బయటి గాలి చల్లగా, పొడిగా ఉన్నప్పుడే ఆ ఆవిరి బాగా కదులుతుంది. హిమాలయాలెక్కేవారికి అది విలువైన బట్టే. సెప్టెంబరు ఉక్కలో దాని కోసం అంత డబ్బు పోయడం దండగ.

ఇక్కడి అవసరానికి లోపల పాలీయురేథేన్ పూత ఉన్న పలచని నైలాన్ లేదా పాలిస్టర్ సరిపోతుంది. మందపాటి పీవీసీ కోటు చవకే, నీటినీ ఆపుతుంది. కానీ బరువెక్కువ, మడత పెద్దది, చెమటకు దారి ఉండదు. చంకల కింద, వీపు మీద గాలి ఆడే సందులున్నది ఎంచుకోవాలి. విండ్‌చీటర్ పేరుతో అమ్మేవి చాలావరకు గాలికీ తుంపరకూ మాత్రమే పనికొస్తాయి. బట్టకు నోరు ఆనించి ఊదితే గాలి అవతలికి పోయిందంటే అది జడివానకు నిలవదు. లేబుల్ మీద మిల్లీమీటర్లలో ఉండే అంకె, బట్ట ఎంత ఎత్తు నీటి ఒత్తిడికి ఓర్చుకుంటుందో చెబుతుంది. 1,500 కనీసం, వేగంగా వెళ్లే బండి మీద వాన గట్టిగా కొడుతుంది కాబట్టి 5,000, ఆపైన ఉంటే మేలు.

బట్ట కన్నా కుట్టే ఎక్కువగా మోసం చేస్తుంది. సూది గుచ్చిన ప్రతి రంధ్రమూ నీటికి దారే. జర్కిన్‌ను తిరగేసి, కుట్ల వెంట టేపు అతికించారో లేదో భుజాల దగ్గరా, టోపీ కలిసేచోటా వేలితో తడిమి చూడాలి. జిప్పు మీద కప్పే పట్టీ, బిగించుకునే మణికట్టు, వెనుక వెలుగు పడితే మెరిసే చారలు తప్పనిసరి. ప్యాంటు కూడా ఉండాలి. దాని కూర్చునే భాగంలో కుట్టు లేకపోతే మంచిది, ఎందుకంటే ఒంటి బరువుకు తడి సీటు మీది నీరు అక్కడి నుంచే పైకి దూరుతుంది. కప్పుకునే పోంచో నడకకు బాగుంటుంది గానీ గాలికి ఎగిరి చక్రంలో చిక్కుకునే ప్రమాదముంది కాబట్టి బండి మీద వద్దు. ధర్మవరం పట్టుచీరల మూట భుజాన వేసుకుని వెళ్లేవారు మూటను విడిగా పాలిథిన్‌లో చుట్టుకోవాలి. ఏ జర్కిన్‌నూ దానికి నమ్ముకోకూడదు.

తడి జర్కిన్‌ను డిక్కీలో కుక్కితే వేడికీ చెమ్మకూ లోపలి పూత పొట్టులా రాలిపోతుంది. నీడలో ఆరబెట్టి, ప్రతిసారీ ఒకే గీత మీద కాకుండా వదులుగా మడవాలి. ఇస్త్రీ చేయకూడదు, బట్టలను మెత్తబరిచే ద్రవాలు వాడకూడదు. ఆగస్టు చివర్లోనే ఒకసారి విప్పి నీళ్లు పోసి చూస్తే, కుట్టు టేపు ఊడినచోట మళ్లీ అతికించుకోవడానికి వ్యవధి ఉంటుంది.