కొడవలి కొనేటప్పుడు పిడి పట్టి చూడండి

పశువుల మేత గురించి, పాల నాణ్యత గురించి ఈ పత్రికలో సభ్యులకు ఎప్పటికప్పుడు తెలియజేస్తూనే ఉన్నాము. ఈసారి ఆ మేత కోసే కొడవలి గురించి, అందులోనూ దాని పిడి గురించి నాలుగు మాటలు చెప్పదలచాము. కొడవలి గురించి రైతుకు సహకార ఇన్‌స్పెక్టరు చెప్పడమేమిటని కొందరు నవ్వవచ్చు. ఈ విషయంలో మేము ఒక పొరపాటు చేసి నేర్చుకున్నాము గనుకనే రాస్తున్నాము.

2011 వర్షాకాలంలో ఒక సంఘం నుండి మాకు ఫిర్యాదు వచ్చింది. ఒక సభ్యురాలి గేదె పాలలో వెన్న శాతం ఎప్పుడూ 7కు తగ్గేది కాదు. అలాంటిది మూడు వారాలుగా 6 దాటడం లేదు. గేదె మారలేదు, మేత మారలేదు, దాణా మారలేదు. పరీక్షలో కార్యదర్శి ఏదో చేస్తున్నాడని ఆమె అనుమానం. మేము వెళ్లి అందరి ఎదుట ఆమె పాల నమూనా తీసి, గెర్బర్ పద్ధతిలో స్వయంగా రెండుసార్లు పరీక్షించాము. కార్యదర్శి రాసిన అంకెకు, మాకు వచ్చిన అంకెకు తేడా లేదు. ఆమె ఊరుకోలేదు. "పాలు నా చేత్తో పితికి తెచ్చినవే. చుక్క నీళ్లు కలపలేదు. మరి వెన్న ఎక్కడికి పోయినట్టు సార్?" అని నిలదీసింది. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు రిజిస్టరులో దొరకదు కనుక సాయంత్రం పాలు పితికే వేళకు వారి దొడ్డికి వెళ్లాము.

అక్కడ సంగతి తెలిసింది. ఆమె కుడి అరచేతిలో, చూపుడువేలి మొదట్లో బొబ్బ పగిలి పుండు పడింది. నిండు పిడికిలితో పితకలేక రెండు వేళ్లతో లాగుతోంది. గేదె ఒకసారి చేపిన తరువాత ఆ చేపు నిలిచేది సుమారు ఐదు నుండి ఏడు నిమిషాలే. ఆ వ్యవధిలో నాలుగు చన్నులూ పూర్తి చేయలేక, మిగిలిన పాలకు దూడను వదిలేస్తోంది. ఒకే పూట పితికిన పాలలో కూడా మొదటి పాలు పలచన, చివరి పాలు చిక్కన. వెన్న ఎక్కువగా ఉండేది ఆ చివరి పాలలోనే. అంటే వెన్న దూడకు పోతోంది, సంఘానికి మొదటి పాలు వస్తున్నాయి. దూడ మాత్రం నిగనిగలాడుతోంది!

"చేతికి ఏమయిందమ్మా?" అని అడిగితే, ఆమె చూరులో గుచ్చిన కొడవలి తీసి మా చేతికిచ్చింది. "మీరు ఇప్పించిందే సార్. అలుగు మంచిదే. పిడే మగవాళ్ల చేతికి చేసినట్టుంది" అంది.

ఆ మాట నిజం. ఆ ఏడాది వేసవిలో ఆ సంఘం తన సభ్యులకు 50 కొడవళ్లు కొన్నది. మూడు కొటేషన్లు పిలిపించి, తక్కువ ధర వేసిన దుకాణంలో కొనవలసిందిగా సలహా ఇచ్చింది మేమే. ఇనుము చూశాము, వాదర చూశాము, బిల్లు చూశాము. ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం కూడా రాలేదు. సహకార డిప్లొమాలో మాకు కొటేషన్లు పోల్చడం నేర్పారు గాని, పిడి పట్టి చూడమని ఎవరూ చెప్పలేదు. మేము కొనిపించిన కొడవళ్ల పిడులన్నీ ఒకే కొలత. మిషను మీద గుండ్రంగా తిప్పి, వార్నిషు పూసి, అంగుళమున్నరకు మించిన లావుతో ఉన్నాయి. ఆ తరువాత విచారిస్తే, పుచ్చుకున్న వారిలో చాలామంది ఆడవారు వాటిని మూలన పడేసి పాత కొడవళ్లతోనే కోసుకుంటున్నారు. పాతది విరిగిపోయిన ఈమెకు మాత్రం గత్యంతరం లేకపోయింది.

మన ఇళ్లలో కొడవలి కొనేది ఒకరు, కోసేది ఒకరు. సంతకు వెళ్లిన మగవారు తమ చేతికి సరిపోయినది తెస్తారు. గట్ల మీద గరిక, చేలో జొన్న, సూపర్ నేపియర్ రోజూ కోసి మోపు కట్టేది ఎక్కువగా ఆడవారు. కాబట్టి మొదట చేయవలసినది, కోసే మనిషే దుకాణానికి గాని, కొలిమికి గాని వెళ్లి తన చేత్తో పట్టి చూడడం. అది వీలుకాకపోతే పాత కొడవళ్లలో చేతికి బాగా అలవాటయిన పిడి చుట్టూ ఒక దారం చుట్టి, ఆ కొలత పంపినా సరిపోతుంది.

పిడి లావు తెలుసుకొనడానికి స్కేలు అవసరం లేదు. పిడిని పిడికిలి బిగించి పట్టుకోవాలి. బొటనవేలి కొన చూపుడువేలి గోటిని కప్పేటట్టు వస్తే ఆ లావు ఆ చేతికి సరిపోయినట్టు. బొటనవేలు చూపుడువేలిని అందుకోలేకపోతే పిడి లావు ఎక్కువ. అటువంటి దానిని జారకుండా పట్టుకొనడానికే సగం బలం ఖర్చయి, మధ్యాహ్నానికి ముంజేయి లాగుతుంది. వేళ్ల కొనలు తిరిగి వచ్చి అరచేతిలో గుచ్చుకుంటే పిడి మరీ సన్నం. సన్నపు పిడి దెబ్బకొక్కసారి చేతిలో తిరుగుతుంది, తిరిగినప్పుడల్లా తోలు ఒరుసుకుంటుంది. మా అనుభవంలో మన ఆడవారి చేతులకు అంగుళంపావు అటూ ఇటూగా, మగవారికి అంగుళమున్నర దాకా కుదురుతోంది. అయితే ఇది అంచనాయే, చేయి చెప్పినదే ఖాయం.

పొడవు విషయంలో చాలామంది మోసపోతారు. పొట్టి పిడి చూడడానికి ముచ్చటగా ఉంటుంది గాని దాని వెనుక కొస సరిగ్గా అరచేతి నడుమ దిగి నొక్కుతుంది. నాలుగు వేళ్లూ పట్టిన తరువాత ముందు ఒక వేలి వెడల్పు, వెనుక ఒక వేలి వెడల్పు మిగలాలి. అంటే సుమారు నాలుగున్నర అంగుళాలు. వెనుక కొస కాస్త ఉబ్బెత్తుగా ఉంటే, లాగి కోసేటప్పుడు చేయి జారిపోకుండా అది ఆపుతుంది.

ఇక ఆకారం. గుండ్రని పిడి కంటె కోడిగుడ్డు వాటంగా, రెండు పక్కలా కొంచెం అణిగి ఉన్నది మేలు. చూడకుండానే వాదర ఎటు ఉన్నదో చేతికి తెలుస్తుంది, అలుగు పక్కకు ఒరగదు. ఇప్పుడు దుకాణాలలో వేళ్ల గాళ్లు వేసిన ప్లాస్టిక్ పిడులు వస్తున్నాయి. ఆ గాళ్లు ఎవరి వేళ్లకు పోశారో వారికే సరిపోతాయి. తక్కినవారికి గాడికీ గాడికీ మధ్య ఉన్న గట్టు వేళ్ల మీద ఎక్కి కూర్చుంటుంది. మేము వాటిని సిఫారసు చేయము. వార్నిషు పిడి కూడా అంతే. కొన్నప్పుడు మెరుస్తుంది, తెల్లవారుజామున మంచుకు తడిసిన గడ్డి కోసేటప్పుడు జారుతుంది. అందుకే దుకాణంలో పిడిని పొడిచేత్తో పట్టి మురిసిపోకుండా, చేయి తడిపి పట్టి, పదిసార్లు కోసినట్టు ఆడించి చూడండి. దుకాణదారు చిరాకు పడితే పడనివ్వండి. ఇప్పటికే వార్నిషు పిడి కొని ఉంటే గాజు పెంకుతో గీకి, అవిసెనూనె పట్టించి రెండు మూడు రోజులు ఆరనిస్తే పట్టు దొరుకుతుంది. లావుగా ఉన్నదానిని కూడా ఆకురాయితో అరగదీసి చేతికి తెచ్చుకోవచ్చు. సన్నపు దానికి మాత్రం పిడి మార్పించడమే మార్గం. తుమ్మ, చింత వంటి గట్టి కర్ర అయితే చాలాకాలం మన్నుతుంది.

పిడి ఎంత కుదిరినా, అలుగు అందులో కదలకుండా ఉండడం అంతకంటె ముఖ్యం. మేత కోతకు మడత కత్తి ఎప్పుడూ పనికిరాదు. మడత దగ్గర వదులై ఎప్పుడు వేళ్ల మీదికి వస్తుందో చెప్పలేము. కొడవలిలో అలుగు వెనుక సన్నగా సాగదీసిన తోక పిడిలోకి దిగి ఉంటుంది. ఆ తోక పిడి పొడవునా వెళ్లి వెనుక బయటకు వచ్చి మడిచి ఉన్నది అన్నిటికంటె నమ్మకమైనది. సగం దాకానే దిగిన తోక కొంతకాలానికి వదులవుతుంది. పిడి మూతికి ఇనుప పొన్ను ఉన్నదా లేదా చూడండి. పొన్ను లేకపోతే కర్ర అక్కడే చీలుతుంది. అలుగు కొస పట్టుకొని పక్కలకు ఊపితే టకటక అనరాదు. వదులైన పిడిలో గుడ్డపీలిక కుక్కడం, రాత్రంతా నీళ్లలో నానబెట్టడం కొందరికి అలవాటు. నానిన కర్ర పొద్దున బిగుస్తుంది, ఎండకు మళ్లీ వదులవుతుంది, అదీ కోత నడుమ. కమ్మరి చేత లక్క పోయించి బిగించుకోవడం మంచిది.

అలుగు గురించి మీకు మేము చెప్పేది ఎక్కువ లేదు. లారీ కమాను పట్టీతో సాగగొట్టినది పదును నిలుపుతుందని మీకు తెలిసినదే. మెత్తని గడ్డికి, లూసర్న్‌కు కక్కు కొడవలి, లావు కాడల నేపియర్‌కు నున్నటి వాదర ఉన్న బరువైన కొడవలి, అవిసె, సుబాబుల్ కొమ్మలకు మచ్చుకత్తి. ఒకటే కొని అన్నిటికీ వాడితే చేయి పాడవుతుంది, కత్తి కూడా పాడవుతుంది. పుర్రచేతి వాటం ఉన్న సభ్యులు ఒకటి గమనించాలి. కక్కు కొడవలికి పళ్లు సాధారణంగా ఒక పక్కనే కోసి ఉంటాయి, అది కుడిచేతి వారికి చేసినది. ఎడమచేతికి కావాలని కమ్మరికి ముందే చెప్పి చేయించుకోవాలి. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ వారు నవీన్ కొడవలి అని ఒకటి రూపొందించారు. కోసేటప్పుడు వేళ్ల కణుపులు నేలకు కొట్టుకోకుండా దాని పిడిని వంచి తయారుచేశారు. దొరికిన చోట పట్టి చూడదగినది.

ఇంత జాగ్రత్తపడినా చేయి తెగితే, పారే నీటిలో సబ్బుతో బాగా కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. సున్నం, పొగాకు, పేడ వంటివి అద్దరాదు. పేడ, మట్టి తగిలే పనిలో ధనుర్వాతం భయం ఉన్నది గనుక అదే రోజు ఆరోగ్య కేంద్రానికి వెళ్లి టీకా అవసరమో కాదో అడగాలి. పుండు మానేదాకా వేరొకరి చేత పితికించాలి. చీము పట్టిన చేతి నుండి క్రిములు చన్నులకు చేరి పొదుగువాపు రావచ్చు. పాలలో చేరిన కొన్ని క్రిములు విడిచే విషం కాచినా పోదు.

ఆ సభ్యురాలి చేయి మానడానికి రెండు వారాలకు పైగా పట్టింది. అన్ని రోజులూ ఆమె తోడికోడలు వచ్చి పితికిపెట్టింది. వెన్న శాతం మళ్లీ 7 దాటిన రోజున కార్యదర్శి మాకు ఫోను చేసి మరీ చెప్పాడు. అతని మీద పడిన నింద కూడా ఆ రోజుతో తీరింది.

సంఘాల పాలకవర్గాలకు ఒక సూచన. సభ్యుల కోసం కొడవళ్లు మొత్తంగా కొనదలచినప్పుడు అలుగులు ఒకచోట, పిడులు సన్నం, మధ్యరకం, లావు అని మూడు కొలతలలో తెప్పించండి. పాల డబ్బు పంచే రోజున కమ్మరిని సంఘం ఆవరణకే పిలిపిస్తే, ప్రతి సభ్యురాలూ తనకు నచ్చిన పిడి పట్టి చూసుకొని అక్కడే బిగించుకొని పోవచ్చు. మా పరిధిలోని సంఘాలలో 2012 నుండి ఇలాగే చేయిస్తున్నాము. కొడవలికి కొద్ది రూపాయలు ఎక్కువవుతుంది. కొటేషన్ పట్టికలో ఆ తేడా ఎందుకు వచ్చిందో ఒక వాక్యం రాసి పెట్టండి. మా తనిఖీలో దానికి అభ్యంతరం ఉండదు.